చదివే నాటకం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, కాఫీ ధర, మిరియాల ధర విన్నారు. అంకెలు విని విని చెవులు బరువెక్కి ఉంటాయి. మేం ఇప్పుడు అంకెలు చెప్పబోం. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల గురించి, వాళ్ళకి చదవడం ఎలా వస్తుందన్న దాని గురించి నాలుగు మాటలు చెప్తాం.

ముందుగా ఎందుకు ఆ మూడు తరగతులే అన్నది చెప్పాలి. మన ఊళ్ళలో చిన్న బడి ఉంటుంది. ఒక టీచరు, అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో. రెండో తరగతి అయ్యేసరికి చాలామంది పిల్లల్ని ఆశ్రమ పాఠశాలకి పంపిస్తాం. పెట్టె సర్ది, దుప్పటి ఇచ్చి, కన్నీళ్ళు తుడుచుకుని వచ్చేస్తాం. అక్కడికి వెళ్ళాక మూడో తరగతి పుస్తకం చేతికిస్తారు. చదవడం వచ్చిన పిల్ల ఎలాగో నెట్టుకొస్తుంది. చదవడం రాని పిల్ల ఏం చేస్తుంది? వెనక బెంచీలో కూర్చుంటుంది. నోట్సు బోర్డు మీద నుంచి బొమ్మ గీసినట్టు గీస్తుంది. పండక్కి ఇంటికొచ్చి తిరిగి వెళ్ళనంటుంది. ఆడపిల్లయితే "సరే, ఇంట్లో ఉండు, తమ్ముణ్ణి చూసుకో" అంటాం మనమే. అక్కడితో ఆ చదువు ఆగిపోతుంది. పదేళ్ళ తర్వాత ఆ పిల్లే మన సంఘంలో కొత్త సభ్యురాలుగా చేరి తీర్మానాల పుస్తకంలో వేలిముద్ర వేస్తుంది.

ప్రభుత్వం కూడా ఈ సంగతి గుర్తించింది. 2021 జులై 5న కేంద్రం నిపుణ్ భారత్ అని ఒక కార్యక్రమం పెట్టింది. మూడో తరగతి దాటేలోపు ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలి, ఇది 2026-27 నాటికి జరగాలి అని దాని లక్ష్యం. లక్ష్యం మంచిదే. కానీ సాయంత్రం అయిదు నుంచి పొద్దున్న తొమ్మిది దాకా పిల్ల ఉండేది మన దగ్గర. ఆ టైములో మనం ఏం చెయ్యగలం? మనలో సగం మందికి చదువు రాదు గదా, ఏటి చేస్తాం అని మీరంటారు. దానికే వస్తున్నాం.

మన పిల్లల కష్టం రెండు రకాలు. మొదటిది లిపి. పిల్లలు గుణింతం పాటలా అప్పజెప్తారు. క కా కి కీ అని ఊగుతూ చివరిదాకా గుక్క తిప్పుకోకుండా చెప్తారు. అదే పిల్లకి గోడ మీద "కాకి" అని రాసి చూపిస్తే నోరు మెదపదు. చెవికి వచ్చింది, కంటికి రాలేదు. ఇంకొందరు అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. మే... క... పో... యిం... ది. ఆఖరి అక్షరానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు. మేక పోయిందన్న కబురు ఆ పిల్లకి చేరనే లేదు. అక్షరాలు మోసింది గానీ మాట అందలేదు.

రెండోది భాష. మైదానం పిల్లకి లిపి ఒక్కటే కొత్త. మన పిల్లకి లిపి కొత్త, భాషా కొత్తే. మన మండలాల్లోనే ఎన్ని భాషలున్నాయో చూడండి. కువి, కొండ భాషలు తెలుగుకి అక్కచెల్లెళ్ళ వరస, ఒకే కుటుంబం. కుపియా, ఆదివాసీ ఒడియా అలా కాదు, అవి ఒడియా వైపు చుట్టాలు. గదబల గుతోబు, శ్రీకాకుళం వైపు సవర భాష పూర్తిగా వేరే వంశం, ముండా భాషలంటారు. ఇన్ని ఇళ్ళ భాషల నుంచి వచ్చిన పిల్లలు ఒకే గదిలో కూర్చుని ఒకే తెలుగు వాచకం విప్పుతారు. అర్థం కాని మాటని చదవడం అంటే కళ్ళకి గంతలు కట్టుకుని కొండ దిగడమే. ఒకచోట ఒకాయన మాతో అన్నారు, "ఈ పిల్లల బుర్రకి ఎక్కదమ్మా" అని. వాళ్ళ బుర్రకి రెండు, మూడు భాషలు ఎక్కాయి. సంతలో తెలుగు, ఇంట్లో కువి, పక్కింట్లో ఒడియా మాట్లాడతారు. ఎక్కనిది ఏదన్నా ఉంటే మనం ఎక్కించే పద్ధతిలో చూసుకోవాలి.

ఈ మాట కొత్తదేం కాదు. వందేళ్ళ కిందటే ఈ తూర్పు కనుమల్లోనే ఒక పెద్దాయన దీన్ని చేసి చూపించారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. వాడుక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో ఉండగా ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టించారన్నది తక్కువమందికి తెలుసు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, 2004లో, ఉమ్మడి రాష్ట్రంలో సర్వశిక్షా అభియాన్ కింద ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లలకి చదువు మొదలుపెట్టారు. కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ అందులో ఉన్నాయి. పుస్తకాలు తెలుగు లిపిలోనే వేశారు, పిల్ల లిపి ఒక్కసారే నేర్చుకుంటే సరిపోయేలా. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలంటుంది. కాగితం మీద దారి ఉంది. మన ఊరి వరండా దాకా దాన్ని తెచ్చుకోవడమే మన పని.

ఇక అసలు విషయం. మేం ఈ ఏడాది కొన్ని గ్రామ సంఘాల్లో చేసి చూసింది చదివే నాటకం. పేరు విని భయపడకండి. వేషాలు లేవు, తెరలు లేవు, కంఠస్థం అసలే లేదు. పిల్లలు కాగితం చేత్తో పట్టుకుని ఎవరి మాట వాళ్ళు గట్టిగా చదువుతారు. ఒకరు కాకి, ఒకరు కోడి, ఒకరు తాత. మధ్యలో అందరూ కలిసి చదివే మాట ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తుంది. బుర్రకథలో వంత ఉంటుంది గదా, మన జముకుల కథలో కూడా ఒకరు చెప్తే మిగతావాళ్ళు అందుకుంటారు గదా, అలాగే. వేరే దేశాల బడుల్లో దీన్ని రీడర్స్ థియేటర్ అంటారట. మనకి వంత పాడడం తాతల నాడే తెలుసు.

ఒకటి చదివి వినిపిస్తాం. ఇది మేం రాసుకున్నదే.

తాత: నా మేక ఏది?
కాకి: కొండ మీద లేదు.
అందరూ: మేక ఏది? మేక ఏది?
కోడి: చేనులో లేదు.
అందరూ: మేక ఏది? మేక ఏది?
చేప: ఏరులో లేదు.
అందరూ: మేక ఏది? మేక ఏది?
మేక: తాతా, నేను నీ వెనకే!
అందరూ: మేక ఇదిగో! మేక ఇదిగో!

ఇంతే. మీరు నవ్వుతున్నారు గానీ ఒకసారి కాగితం వంక చూడండి. ఇందులో ఒక్క వొత్తు లేదు. అన్నీ అక్షరాలు, గుణింతాలు, కొన్ని సున్నలు. ఒకటో తరగతి పిల్ల చదవగలిగే మాటలే. "లేదు" మూడుసార్లు, "ఏది" ఏడుసార్లు వచ్చాయి. మేక, కోడి, కాకి, చేను, ఏరు మన పిల్ల రోజూ చూసేవే. తెలుగు మాట తెలియకపోయినా వస్తువు తెలుసు.

ఎలా చేస్తామంటే, మొదటి సాయంత్రం కథని ఇంటి భాషలో చెప్పేస్తాం. కువి పిల్లలకి కువిలో, కుపియా పిల్లలకి కుపియాలో. మేక పోయింది, తాత వెతికాడు, వెనకే ఉంది. పిల్లలు నవ్వాలి. నవ్వారంటే అర్థమయినట్టే. అప్పుడు చదువొచ్చిన అక్క ఒకామె కాగితం తీసి, మాట మాటకీ వేలు పెడుతూ తెలుగులో మొత్తం చదువుతుంది. ఆ రోజుకి అదే చాలు. రెండో రోజు అందరూ కలిసి రెండుసార్లు చదువుతారు. మూడో రోజు వేషాలు పంచుతాం, నాలుగో రోజు మారుస్తాం. నిన్నటి కాకి ఇవాళ తాత అవుతుంది. అయిదో రోజు తల్లుల ముందు చదువుతారు. వారం అయ్యేసరికి పిల్ల ఆ తొమ్మిది లైన్లని పదిహేనుసార్లయినా చదివి ఉంటుంది. వాచకంలో పాఠం పదిహేనుసార్లు చదవమంటే పారిపోతుంది. కాకి అవ్వాలంటే మాత్రం తనే వచ్చి అడుగుతుంది.

మళ్ళీ మళ్ళీ చదవడంలోనే ఉంది కిటుకు. అమెరికాలో శామ్యూల్స్ అనే పండితుడు 1979లో దీని మీద రాశారు. చిన్న పాఠం ఒకటి ఇచ్చి, ధారగా వచ్చేదాకా అదే మళ్ళీ మళ్ళీ చదివిస్తే, తర్వాత ఇచ్చే కొత్త పాఠం కూడా పిల్ల తేలిగ్గా మొదలుపెడుతుందని ఆయన చూశారు. అక్షరం పోల్చుకోవడానికే శక్తంతా అయిపోతే అర్థానికి ఏం మిగలదని ఆయన వాదన. మనకి ఇది కొత్త ఏటమ్మా? కొత్త కోడలు థింసాలో మొదటిసారి కలిసినప్పుడు కాళ్ళ వంకే చూసుకుంటుంది. నాలుగు పండగలయ్యాక కాళ్ళ సంగతి మర్చిపోయి పాట వింటుంది. చదువూ అంతే. పైగా థింసాలో అటూ ఇటూ చేతులు పట్టుకుని ఉంటారు కాబట్టి ఒకామె అడుగు తప్పినా వరస ఆగదు. "అందరూ" అన్న లైను చేసే పని అదే. చదవలేని పిల్ల కూడా ఆ లైనులో గొంతు కలుపుతుంది. ఎవరూ ఆమెని నిలబెట్టి తప్పు పట్టరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పిల్లలు తెలివైనవాళ్ళు. మూడో రోజుకి మొత్తం నోటికి వచ్చేస్తుంది, కాగితం తలకిందులుగా పట్టుకుని కూడా గడగడా చెప్పేస్తారు. మనం మురిసిపోతాం. అది చదవడం కాదు. అందుకని వేలు తప్పనిసరి. నోటితో పాటు వేలు కదలాలి, వేలి కింద మాటే నోట్లోంచి రావాలి. ఇంకో పని చేస్తాం. నాటకాన్ని లైన్లుగా కత్తిరించి, కలిపేసి, మళ్ళీ వరస పెట్టమంటాం. లేకపోతే "చేనులో" తీసేసి "ఊరిలో" అని రాసిస్తాం. చదివే పిల్ల దగ్గర ఆగుతుంది, చూస్తుంది, నవ్వుతుంది. అప్పజెప్పే పిల్ల చేనులో అనే అంటుంది. అలా తెలిసిపోతుంది ఎవరికి ఇంకా సాయం కావాలో. తిట్టక్కర్లేదు, ఆ పిల్లని మర్నాడు అక్క పక్కన కూర్చోబెట్టుకోవడమే.

గొంతు పెద్దదున్న పిల్లడు ఎప్పుడూ తాత వేషమే కావాలంటాడు. ఇవ్వకండి. సిగ్గుపడే పిల్లకి మొదట్లో ఇద్దరికి ఒక వేషం ఇవ్వండి, రెండు కాకులు ఉంటే నాటకం చెడిపోదు.

ఇప్పుడు చదువు రాని తల్లుల సంగతి. మీరు లేకుండా ఇది నడవదు, మేం ఊరికే అనడం లేదు. మొదటి రోజు కథ ఇంటి భాషలో చెప్పేది మీరే. చదువొచ్చిన అక్కకి ఆ భాష రాకపోవచ్చు. రెండో పని, "అందరూ" లైనులో మీరూ కలవండి. మూడోది, ఇంటి దగ్గర పొయ్యి ముందు కూర్చుని కాగితం పట్టుకున్న పిల్లని అడగండి, "మేక అని ఎక్కడుంది, చూపించు" అని. పిల్ల చూపిస్తుంది. "ఇంకెక్కడన్నా ఉందా?" అనండి. మళ్ళీ చూపిస్తుంది. రెండూ ఒకలా ఉన్నాయో లేదో చూడ్డానికి మీకు అక్షరాలు రానక్కర్లేదు, కళ్ళు చాలు. ఇలా అడిగి అడిగి "మేక"ని గుర్తుపట్టడం నేర్చుకున్న తల్లులున్నారు మన సంఘాల్లో. పిల్ల చదువు తల్లికి అంటుకోవడం మేం అనుకోని లాభం.

ఆడవాళ్ళు కలిసి కూర్చుని ఒక పాఠం గట్టిగా చదివితే ఏమవుతుందో మన రాష్ట్రంలో ఒకసారి జరిగింది. కొత్తగా చేరిన చెల్లెళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కళాజాత బృందాలు ఊరూరా తిరిగి పాటలు, నాటకాలు వేసి ఆడవాళ్ళని రాత్రి బడులకి రప్పించాయి. అక్కడి వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల మొగుళ్ళు, కుటుంబాలు ఏమైపోతున్నాయో, ఊరి ఆడవాళ్ళు దాన్ని ఎలా ఆపారో అన్నది ఆ కథ. దూబగుంట ఆడవాళ్ళు అది చదువుకుని, ఇది మన కథే గదా అనుకుని, 1992లో తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అప్పుడు దేశమంతా తెలిసింది. ఉద్యమం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. తాగుడికి పోయే డబ్బు ఇంట్లో మిగలడం మొదలయ్యాక ఆ ఆడవాళ్ళే పొదుపు మొదలుపెట్టారు, నెల్లూరులో పొదుపు లక్ష్మి సంఘాలు అలా వచ్చాయి. మనం నెల నెలా కట్టే పొదుపుకి ఆ పాఠంతో చుట్టరికం ఉంది. మన మేక నాటకానికి అంత బలం ఉందని మేం అనం. కానీ తనకి తెలిసిన బతుకు కాగితం మీద కనిపించినప్పుడు మనిషి దాన్ని వదలదు, ముసలామె అయినా ఆరేళ్ళ పిల్ల అయినా.

అందుకే రెండో నాటకాన్ని మన సంఘం సమావేశం మీదే రాసుకున్నాం. గుణింతాలయ్యాక పిల్లలకి వొత్తులు నేర్పాలి. వొత్తులకి మన పద్దుల పుస్తకాన్ని మించిన వాచకం లేదు. అక్క, అప్పు, డబ్బు, లెక్క, వడ్డీ, పద్దు, ఇవన్నీ వొత్తులే చూడండి.

పద్దు అక్క: ఎవరికి అప్పు కావాలి?
మేక అక్క: నాకు కావాలి. గడ్డి కొనాలి.
అందరూ: అప్పు తీసుకో, లెక్క రాసుకో!
కోడి అక్క: నాకు కావాలి. బుట్ట కొనాలి.
అందరూ: అప్పు తీసుకో, లెక్క రాసుకో!
నక్క: నాకూ అప్పు కావాలి.
పద్దు అక్క: నీకు ఎందుకు?
నక్క: కోడిని కొనాలి!
అందరూ: నక్కకు అప్పు లేదు! నక్కకు అప్పు లేదు!

ఇది చదివిన చోటల్లా తల్లులు పిల్లలకంటే ఎక్కువ నవ్వారు. ఒక ఊళ్ళో అయితే నక్క ఎవరో పేరు పెట్టి మరీ చెప్పారు, ఆ పేరు ఇక్కడ వద్దు. పిల్లలు తర్వాత వాళ్ళంతట వాళ్ళే ఎలుగ్గొడ్డుని తెచ్చి అప్పడిగించారు, జీలుగు కల్లు తాగడానికి. అది పద్దు అక్క పాత్ర వేసిన పిల్లే తీర్మానం చేసి కొట్టేసింది. పిల్లలు సొంతంగా లైను కలిపారంటే రాయడం మొదలైనట్టు. ఆ లైను తప్పుల్తో రాసినా ఉంచండి.

ఖర్చు ఎంత అని కోశాధికారి అక్క అడుగుతుందని మాకు తెలుసు. పాత క్యాలెండర్ల వెనక వైపు తెల్లగా ఉంటుంది, దాని మీద స్కెచ్ పెన్నుతో వేలంత అక్షరాలతో రాయొచ్చు. పిల్లకొక కాగితం కావాలంటే సంతకి వెళ్ళినప్పుడు జిరాక్సు తీయించాలి. అంతకంటే ఖర్చు లేదు. కావాల్సింది టైము. వారానికి అయిదు సాయంత్రాలు, అరగంట. కాఫీ పళ్ళ కోత రోజుల్లో ఇది కుదరదు, పిల్లలు కూడా తోటలోనే ఉంటారు. ఇటుకల పండగ రోజుల్లోనూ కుదరదు. ఆపండి, మళ్ళీ మొదలుపెట్టండి. ఏడాదంతా నడిపామని రిపోర్టులో రాసుకోవడానికి చెయ్యడం లేదు మనం.

టీచరుతో మాట్లాడకుండా మాత్రం చెయ్యొద్దు. బడిలో ఈ వారం ఏ గుణింతం దగ్గరున్నారో కనుక్కుంటే నాటకంలో ఆ మాటలే పెట్టొచ్చు. టీచర్లు కొందరు కాగితాలు చూసి తామే బడిలో చదివిస్తామన్నారు. మంచిదే. బడిలో చేసినా సాయంత్రం వరండా మానకండి, తల్లులు కూర్చునేది అక్కడే.

మా ఉపసంఘం అడిగేది రెండు. ఒక్కో గ్రామ సంఘం వచ్చే సమావేశంలో తీర్మానం రాసి, చదువొచ్చిన ఒకామెని, ఇంటి భాషలో కథ చెప్పగల ఒకామెని, ఇద్దర్నీ కలిపి పేర్లు ఇవ్వాలి. ఒక్కరే అయితే వద్దు. రెండోది, ఈ ఏడాది ఆశ్రమ పాఠశాలకి వెళ్ళబోయే రెండో తరగతి పిల్లల పేర్లు ముందు రాయండి. వాళ్ళకి టైము తక్కువ ఉంది. మిగతావాళ్ళు తర్వాత.

బయట బల్ల మీద రెండు నాటకాల కాగితాల కట్టలు పెట్టాం, గ్రామ సంఘానికి ఒకటి. ప్రతి తెలుగు లైను కింద ఒక గీత ఖాళీగా వదిలాం. అక్కడ మీ ఇంటి భాషలో ఆ మాటని తెలుగు అక్షరాలతోనే రాయించండి. కువి, కుపియా, కొండ, ఒడియా, ఏదైనా సరే. రాసినవి మాకు తిరిగి పంపితే పక్క ఊళ్ళకి ఇస్తాం. భోజనాలకి ముందే తీసుకోండి, మబ్బు పట్టింది, బల్ల లోపల పెట్టేస్తాం.